జిల్లేడాకు కాపడం

మా వారికి ఈమధ్య ఫోనులో వస్తువులు కొనే సరదా పట్టుకుంది. బజారుకెళ్ళి రెండు బీరకాయలు పట్టుకు రమ్మంటే మోకాళ్ళ నొప్పులంటారు గానీ, ఆ ఫోనులో మాత్రం ఊళ్ళన్నీ తిరిగొస్తారు. మొన్న ఆదివారం ఓ పెద్ద అట్టపెట్టె వచ్చింది. విప్పితే లోపల నీలం రంగు ప్లాస్టిక్ తొట్టె, దానికో తీగ, ప్లగ్గు. నీళ్ళు పోసి స్విచ్చి వేస్తే వాటంతట అవే వేడెక్కుతాయట, అడుగున ఉన్న చక్రాలు తిరిగి అరికాళ్ళు మర్దనా చేస్తాయట. సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి కాళ్ళు లాగేస్తున్నాయని నేను రోజూ సణుగుతుంటాను కాబట్టి, పాపం ప్రేమతోనే తెప్పించారు. నేను ఆ తొట్టెని ఒకసారి తిప్పి చూసి, తీగ చుట్టి, మళ్ళీ పెట్టెలో పెట్టి అటక మీదకి చేరవేశాను. ఆయన చిన్నబుచ్చుకున్నారు. "అక్కర్లేదంటే తిరిగి పంపేద్దుం కదా, దాన్ని చూసి ఆ మొహం ఏంటి?" అన్నారు. నేను ఏ మొహం పెట్టానో నాకు తెలియదు. ఏదో సర్దిచెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

నాకు షుగరు బయటపడ్డప్పటి నుంచి నా కాళ్ళకి నేనే పనిమనిషిని. రోజూ సాయంత్రం చల్లటి నీళ్ళతో కడుగుతాను. పాత నూలుచీర ముక్కతో వేళ్ళ సందులు తడి లేకుండా ఒత్తుతాను. చేతి అద్దం నేలమీద పెట్టి, అరికాలు దాని మీదకి వంచి, మడమ నుంచి బొటనవేలి దాకా తీరిగ్గా చూస్తాను. జనం అద్దంలో మొహాలు చూసుకుంటారు, మా ఆవిడ పాదాలు చూసుకుంటుందని మా వారు వచ్చినవాళ్ళందరికీ చెబుతారు. నవ్వితే నవ్వుకోనీ. వేడినీళ్ళ జోలికి మాత్రం నేను వెళ్ళను. ఎందుకని ఆయన ఎన్నిసార్లు అడిగినా డాక్టరు వద్దన్నాడని తప్పించుకుంటాను. అది సగం నిజమే. మిగతా సగం మా పెదనాన్న ఎడమకాలు.

తొంభైలు ముగుస్తున్న రోజుల్లో నాకు టీచరు ఉద్యోగం వచ్చి, కోటిపల్లి దగ్గర కాలవ గట్టున ఉన్న ఒక ఊళ్ళో పోస్టింగు ఇచ్చారు. అదృష్టవశాత్తూ అది మా పెద్దమ్మ వాళ్ళ ఊరు. పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. వాళ్ళకి ఒక్కతే కూతురు, మా అక్క. ఆమెకి పెళ్ళై జంగారెడ్డిగూడెంలో పామాయిలు తోటల మధ్య కాపురం ఉండేది. ఖాళీగా పడున్న అక్క గదిలో నేను నా ట్రంకుపెట్టె పెట్టుకున్నాను. అద్దె మాట ఎత్తితే పెద్దమ్మ నాతో ఒక పూటంతా మాట్లాడలేదు. ముందు సిమెంటు అరుగు, వెనక వంటపాక, పెరట్లో నీళ్ళ గాబు, గాబు పక్కన కాళ్ళు కడుక్కోవడానికి ఒక నల్లరాయి. ఆ ఇంట్లో ఎవరికి ఏ మినహాయింపు ఉన్నా ఆ రాయి దగ్గర లేదు. బయట నుంచి వచ్చినవాళ్ళు పెరటివైపుగా తిరిగొచ్చి, ఆ రాయి మీద నిలబడి, చెంబుతో నీళ్ళు పోసుకుని తీరాలి. అంతటితో అయిపోదు. పెద్దమ్మ వంటపాక గుమ్మంలోంచి తొంగిచూసి, "మడమలు తడిశాయా?" అని అడుగుతుంది. మడమ పొడిగా మిగిలిపోతే అక్కణ్ణించి శని పట్టుకుంటుందని ఆవిడ గట్టి నమ్మకం. ఒకసారి మా బడి తనిఖీకి వచ్చిన ఆఫీసరు గారిని భోజనానికి పిలుచుకొస్తే, బూట్లు విప్పించి, ఆయన్నీ అదే మాట అడిగింది. ఆయన బిత్తరపోయి మళ్ళీ నీళ్ళు పోసుకున్నాడు. ఆ ఏడాది నాకు మంచి రిపోర్టే రాశాడు.

ఇక పెదనాన్న సంగతి. ఆయన సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన పంచెతో ఉండేవారు. నాలుగెకరాల సొంత చేను, ఇంకొంత కౌలు. చేలోకి ఎవరూ చెప్పులేసుకుని దిగరు, అది సరే. ఆయన రోడ్డు మీద కూడా చెప్పులు చంకలో పెట్టుకుని నడిచేవారు, ఊళ్ళోకి వచ్చాక మర్యాదకి కాళ్ళకి తగిలించుకునేవారు. అలాగని కాళ్ళంటే అశ్రద్ధ కాదు. నేను చూసిన మగవాళ్ళలో పాదాలని అంత ముద్దుగా చూసుకున్న మనిషి ఇంకొకరు లేరు. పొద్దున్నే పెంకుముక్కతో మడమలు రుద్దుకుని కొబ్బరినూనె రాసేవారు. నాట్ల రోజుల్లో బురదనీళ్ళకి వేళ్ళ సందులు పాచిపోయి పుళ్ళు పడతాయి కదా, అందుకని చేనుకి వెళ్ళేముందు ఆముదంలో పసుపు కలిపి ఒక్కో సందులో పట్టించుకునేవారు. చేలో నత్తగుల్లలు గుచ్చుకుని కుంటనివాడు ఆ ఊళ్ళో లేడు, ఆయన తప్ప. "నా కాళ్ళకి కళ్ళున్నాయి అమ్మాయ్. బురదలో ఏది ఎక్కడుందో వాటికి కనబడిపోద్ది" అనేవారు. దమ్ము చేసిన చేలో ఇలా దిగి అలా పాదం కదిపి, బురద నాట్లకి పదునైందో ఇంకో రోజు ఆగాలో చెప్పేవారు. చుట్టుపక్కల రైతులు తమ చేలల్లో కూడా దిగి చూడమని పిలుచుకెళ్ళేవారు. అది ఆయనకి పెద్ద గౌరవం. ఆ గౌరవం తప్ప ఆయనకి ఈ లోకంలో ఇంకే డాంబికమూ లేదు.

ఆ కాళ్ళ కళ్ళు మూసుకుపోతున్న సంగతి మేమెవరం గమనించలేదు. అంతకు ముందు వేసవిలోనే తిమ్మిర్లు మొదలయ్యాయి. దూది మీద నడిచినట్టుంటోందనేవారు. ఒకరోజు రామచంద్రపురం సంత నుంచి ఒంటి చెప్పుతో ఇంటికొచ్చారు. రెండోది ఎక్కడ జారిపోయిందో ఆయనకి తెలియదు. ఆ రోజు మేము ముగ్గురం కడుపుబ్బ నవ్వుకున్నాం. కాళ్ళకి కళ్ళున్నాయన్నారుగా, చెప్పు పోతుంటే చూడలేదా అని పెద్దమ్మ ఏడిపించింది. అస్తమానూ దాహం అనేవారు, గ్లాసుమీద గ్లాసు మజ్జిగ తాగేవారు, ఎండలు అనుకున్నాం. షుగరు జబ్బు అంటే ఆ రోజుల్లో మా లెక్క ప్రకారం కుర్చీల్లో కూర్చునే పట్నం ఆఫీసర్లకి వచ్చేది. రోజంతా చేలో నడిచే మనిషికి వస్తుందని ఎవరనుకుంటారు? వాతం అని పెద్దమ్మ తేల్చేసింది, మేమూ సరే అనుకున్నాం.

ఆషాఢం ముసురు పట్టాక ఆయనకి ఎడమ కాలు బరువుగా, మొద్దుబారినట్టు ఉండడం మొదలైంది. దానికి మా వైపు ఇంటింటా తెలిసిన వైద్యం ఒకటుంది. మడమ శూలకైనా, వాతానికైనా అదే. ఇటుకని పొయ్యిలో నిప్పుల మధ్య పెట్టి కాలుస్తారు. బాగా కాలాక పట్టకారుతో బయటికి తీసి, దాని మీద జిల్లేడాకులు రెండుమూడు పరిచి, ఆముదం చుక్కలు వేస్తారు. ఆకు చుంయ్‌మని వాడుతుంది, ఆవిరి లేస్తుంది. అప్పుడు మడమ దాని మీద ఆనించి, ఓర్చుకున్నంతసేపు ఓర్చుకుని, తీసి, మళ్ళీ ఆనిస్తారు. మా అమ్మమ్మకి పెద్దమ్మ చేసింది, పెద్దమ్మకి బాలింతగా ఉన్నప్పుడు అమ్మమ్మ చేసింది. ఆ కాపడంలో గొప్పతనం ఏంటంటే, ఎంత వేడి చాలో చెప్పేది పొయ్యి కాదు, కాలే. చుర్రుమనగానే కాలు దానంతటదే లేచిపోతుంది. ఆ కాలే మాట్లాడ్డం మానేస్తే ఏమవుతుందో మా వాళ్ళెవరికీ అనుభవం లేదు.

ఆ సాయంత్రం నేను వంటపాక గుమ్మంలో కూర్చుని పిల్లల కాపీలు దిద్దుతున్నాను. బయట వాన. పెదనాన్న పీట మీద కూర్చున్నారు, పెద్దమ్మ ఇటుక తెచ్చి పెట్టింది. ఆయన కాలు ఆనించి కాసేపు ఉండి, "ఏమే, దీన్ని పొయ్యిలో పెట్టావా, గాబులో పెట్టావా? వేడే తగల్లేదు" అన్నారు. పెద్దమ్మ ఆకు మీద వేలు పెట్టి చటుక్కున తీసేసింది. "బానే కాలిందండీ. నా వేలు చురుక్కుమంది." ఆయన నవ్వి, "నీ చేతులు సుకుమారంలే. నాది రైతు కాలు. ఇంకాస్త కాల్చి పట్రా" అన్నారు. ఆవిడ ఇంకాస్త కాల్చి తెచ్చింది. ఈసారి ఆయన మడమ గట్టిగా ఒత్తిపెట్టి, హాయిగా ఉందని కళ్ళు మూసుకున్నారు. నాతో ఏవో కబుర్లు చెప్పారు, చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఆయన్ని కాలవలో ఈతకి తోసేసిన కథ. ఇటుక చల్లారేదాకా కాలు తియ్యలేదు. పెద్దమ్మ ఆ ఆకులతోనే మడమకి గుడ్డ కట్టి, వాకిట్లో తిరగొద్దని చెప్పి అన్నం వడ్డించింది. ఆ పూట ఆవిడ మొహంలో ఎంత తృప్తి ఉందో నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

మర్నాడు పొద్దున నేను పళ్ళు తోముకుంటుంటే పెదనాన్న నల్లరాయి మీద కూర్చుని పిలిచారు. కట్టు చీకట్లోనే పెద్దమ్మ విప్పేసి పాలకి వెళ్ళిందట. "అమ్మాయ్, నా మడమ కాస్త చూసిపెట్టు. ఏదో తడిగా అంటుకుంటోంది" అన్నారు. చూశాను. మడమ నిండా బొబ్బ. ఒక పక్క తోలు ఊడి, లోపల చర్మం ఉడికిన గుడ్డు తెలుపులో ఉంది. "నొప్పిగా లేదా పెదనాన్నా?" అన్నాను. "లేదే. నొప్పి లేనిది పెద్దదేం అవదులే" అన్నారు. తరవాత ఆయనకే వెలిగింది. కాసేపు వంటపాక వైపు చూశారు. పొయ్యి పక్కన ఆ ఇటుక ఇంకా అక్కడే ఉంది. "మీ పెద్దమ్మకి చెప్పకు. తను కాల్చేసిందని తెలిస్తే ఇక అన్నం ముట్టదు. పిచ్చిది. చేలో నత్తగుల్ల గుచ్చుకుందని చెప్దాం" అన్నారు. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. మొగుడంటే ఇలా ఉండాలనుకున్నాను. అలాగేనని తలూపాను.

పాల చెంబుతో వచ్చిన పెద్దమ్మకి ఆయన ఆ కథ చెప్పారు. తెల్లారగట్ల చేను గట్టు చూడ్డానికి వెళ్ళాననీ, గుల్ల దిగిందనీ. పెద్దమ్మ చెంబు కింద పెట్టి, "అయ్యో, చూసుకోవద్దండీ" అంది. అంతకు మించి ఏమీ అనలేదు. నేను హమ్మయ్య అనుకుని బడికి పోయాను. ఊళ్ళో మాత్రం ఆ వార్త ఒక వేడుకైపోయింది. అరుగు మీదకి వచ్చిన ప్రతివాడూ, "ఏంటండీ, మీ కాళ్ళకి శుక్లాలొచ్చాయంటగా" అని పలకరించేవాడు. ఆయన నవ్వి ఊరుకునేవారు. ఒక్క అబద్ధంతో జన్మంతా దాచుకున్న గౌరవాన్ని పోగొట్టుకున్నారు. దాని ఖరీదు ఊళ్ళోవాళ్ళకి తెలియదు, నాకు తెలుసు. అందుకే ఆయన మీద నా గౌరవం ఇంకా పెరిగింది.

నాలుగు రోజులకి మడమ వాచింది. ఊళ్ళో ఆర్‌.ఎం.పి. డాక్టరు ఒకాయన ఉండేవాడు, మంచివాడు, సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగి సూదులు వేసేవాడు. ఆయన్ని పిలిపించారు. నేను బడి నుంచి వచ్చేసరికి పెదనాన్న కాలికి ఇంత లావు కట్టు ఉంది, డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడు. గుల్ల ముక్క లోపల విరిగి ఉండిపోయిందేమోనని మడమ కోసి, లోతుగా వెతికాడట. "ఎంత వెతికినా ముక్క దొరకలేదండి. లోపలే ఎక్కడో ఇరుక్కునుంటది, చీముతో పాటు అదే బయటికొచ్చేస్తది" అన్నాడు. పెదనాన్న నా వైపు చూడలేదు. కోస్తున్నంతసేపూ ఆయన కిక్కురుమనలేదని డాక్టరు మెచ్చుకున్నాడు. మొండిఘటం అన్నాడు. పెద్దమ్మ పొయ్యి దగ్గర వెనక్కి తిరిగి కూర్చుని కూర తరుగుతోంది.

ఆ తరవాత జరిగినదంతా వేగంగా జరిగింది, అయినా నా జ్ఞాపకంలో చాలా నెమ్మదిగా నడుస్తుంది. కాలవకి నీళ్ళొచ్చాయి, నాట్లు మొదలయ్యాయి. ఆయన ఆగితేనా. కట్టు మీద యూరియా సంచి లోపలి ప్లాస్టిక్ కవరు చుట్టి, తాడుతో బిగించి, చేలోకి దిగేవారు. సాయంత్రం కవరు విప్పితే అందులో సగం బురదనీళ్ళు. ఇంట్లో ఒక వాసన మొదలైంది. అగరొత్తులు వెలిగించినా పోయేది కాదు. మడమ పక్కన నల్లటి మచ్చ పుట్టి పాదం మీదకి పాకింది. జ్వరం పట్టుకుంది. జంగారెడ్డిగూడెం నుంచి అక్క వచ్చి, గుమ్మంలోనే ఏడుస్తూ తండ్రిని దులిపేసింది. "ఎన్నిసార్లు చెప్పాను నాన్నా చెప్పులేసుకు తిరగమని? నీ కాళ్ళ గొప్పలు నువ్వూను. ఎవరి మాటా వినవు" అంది. ఆయన తప్పు చేసిన పిల్లాడిలా తల దించుకుని, "నిజమే తల్లీ, నాదే తప్పు" అన్నారు. పెద్దమ్మ స్తంభానికి ఆనుకుని వింటోంది. ఆ రోజే కారు మాట్లాడి రాజమండ్రి తీసుకెళ్ళాం.

అక్కడి డాక్టరు గారు రక్తం పరీక్ష చేయించి, షుగరు ఎన్నాళ్ళ నుంచి ఉందని అడిగారు. షుగరా అని మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఆయన మడమని చాలాసేపు చూసి, "ఇది మొదట కాలిన పుండు. ఇంట్లో ఏమైనా కాపడం పెట్టారా?" అన్నారు. పెద్దమ్మ నోరు తెరవబోయింది. పెదనాన్న అంత జ్వరంలోనూ ముందే అందుకున్నారు. "లేదండీ. చేలో గడ్డి తగలబెట్టారండి, ఆ బూడిదలో కాలేశాను. గుల్ల అనుకున్నాను." డాక్టరు గారు పట్నవాసపు మనిషి, నమ్మారు. ఆషాఢంలో, కాలవలు నిండి చేలన్నీ చెరువుల్లా ఉన్న రోజుల్లో, గడ్డి ఎవడు తగలబెడతాడు? ఆ గదిలో ఉన్న మేమంతా రైతుల పిల్లలమే. "కాలిందని ముందే చెప్పుంటే మడమ కోసేవాళ్ళు కాదుగా" అన్నారు డాక్టరు గారు, మందలించినట్టు కాదు, మామూలుగా. "ఆ కోతలోంచే చీము లోపలికి, ఎముక దాకా దిగిపోయింది." కాలు మోకాలి కింద దాకా తీసెయ్యాలన్నారు. పెదనాన్న ముందు పెద్దమ్మ వైపు చూసి, తరవాత సరేనండీ అన్నారు. చేను ఎవరు చూస్తారని కూడా అడగలేదు.

కాలు పోయాక ఆయన మూడు నాలుగేళ్ళు ఉన్నారు. రబ్బరు కాలు పెట్టిస్తామని అక్క ఎంత బతిమాలినా వద్దన్నారు. నేల తెలియని కాలు ఒకటి ఇప్పటికే ఉంది, ఇంకోటెందుకన్నారు. చంక కర్రలతో అరుగు దాకా వచ్చి కూర్చునేవారు. ఎదురుగా చేలు. దమ్ము చేసే రోజుల్లో కుర్చీ వెనక్కి తిప్పుకునేవారు. పొలం కౌలుకిచ్చేశారు. ఇక పెద్దమ్మకి ఆ మిగిలిన కుడికాలే లోకమైంది. సాయంత్రం కాగానే ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి, ఆ కాలిని ఒళ్ళో పెట్టుకుని, చన్నీళ్ళతో కడిగి, వేళ్ళ సందులన్నీ ఒత్తి, కళ్ళజోడు పెట్టుకుని అంగుళం అంగుళం చూసేది. వెలుతురు చాలకపోతే నన్ను చూడమనేది. నా కాళ్ళు నేను చూసుకునే పద్ధతి నాకు ఏ డాక్టరూ నేర్పలేదు, ఆవిడ దగ్గర నేర్చుకున్నదే. మెత్తటి చెప్పులు వెయ్యాలన్నారని రాజమండ్రి నుంచి ఎప్పటికప్పుడు కొత్త జత తెప్పించేది. చెప్పులు జతగానే అమ్ముతారు కదా. కుడిది అరిగిపోయేది, ఎడమది అలాగే కొత్తగా మిగిలిపోయేది. పారేస్తే ఆయన చూసి బాధపడతారని ఆవిడ వాటిని సంచిలో వేసి అటక మీద పెట్టేది. ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ కాపడం మాట ఎత్తలేదు. ఇటుక ఏమైందో నాకు తెలియదు. ఇద్దరూ పోట్లాడుకోవడం మానేశారు, ఏడిపించుకోవడం కూడా మానేశారు. ఒకరితో ఒకరు మరీ మర్యాదగా ఉండేవారు.

ఆయన గుండెపోటుతో పోయారు. కార్యక్రమాలన్నీ అయి, చుట్టాలు వెళ్ళిపోయాక, అప్పటికి పెళ్ళయి వేరే ఊళ్ళో ఉన్న నేను పెద్దమ్మకి తోడుగా కొన్నాళ్ళు ఆగాను. ఒక మధ్యాహ్నం ఆవిడ అటక మీది సంచి దింపించింది. అరుగు మీద కుమ్మరిస్తే అన్నీ ఎడమకాలి చెప్పులే, ఒక్కదానికీ మట్టి అంటలేదు. వీటిని ఎవరికిస్తాం పెద్దమ్మా అన్నాను. ఆవిడ ఒక చెప్పు చేతిలోకి తీసుకుని, దాని మడమ భాగం బొటనవేలితో నొక్కి చూస్తూ కూర్చుంది. "గుల్ల అన్నారు మీ పెదనాన్న. నీకూ తెలుసుగా?" అంది. తలూపాను.

"ఆ పొద్దున ఆయన లేవకముందే నేను కట్టు ఇప్పాను. ఆకుతో పాటు తోలు ఊడొచ్చింది నా చేతికి. ఆయనకి తెలివి రాలేదు, నిద్రపోతానే ఉన్నారు. ఆకు తీసుకెళ్ళి పెంటమీద పారేశాను. ఎలా చెప్పాలా అనుకుంటా పాలకెళ్ళాను. వచ్చేసరికి గుల్ల అన్నారు. నా కోసమే చెప్తున్నారని అప్పుడే అర్థమైంది. కాదు, ఇది కాలింది, నేనే కాల్చాను అనేద్దామనుకున్నాను. ఆయన మొహం చూస్తే అనబుద్ధి కాలేదు. ఊరందరి చేతా నవ్వించుకుంటున్నారు పాపం. నాకు తెలుసని తెలిస్తే ఆ పడ్డదంతా దండగైపోద్ది కదా అనుకున్నాను."

ఆవిడ ఏడవలేదు. గొంతు కూడా మారలేదు. చెప్పుని మళ్ళీ మిగతావాటి మీద పెట్టింది.

"కాపడం తెలీక పెట్టానమ్మా. దానికి దేవుడు క్షమిస్తాడేమో. డాక్టరు వచ్చి కోసిన రోజు మబ్బు పట్టి చీకటిగా ఉంది, లైటు పట్టుకోమన్నాడు. బ్యాటరీ లైటు నేనే పట్టుకున్నాను. లేని గుల్ల కోసం ఆయన మడమ తవ్వుతా ఉంటే, అక్కడ ఏమీ లేదని తెలిసి కూడా, సరిగ్గా కనపడేలా దగ్గరగా పట్టుకుని నిలబడ్డాను. ఆయన నన్నే చూస్తున్నారు. నేను చెప్తానేమోనని ఆయన, ఆయన చెప్తారేమోనని నేను. అంతసేపూ అలాగే చూసుకున్నాం."

ఆవిడ భుజం మీద చెయ్యి వేశాను, ఆవిడ ఆ చెయ్యి మెల్లగా తీసేసి, లేచి వెళ్ళి పొయ్యి వెలిగించుకుంది. ఆ తరవాత ఎన్నో ఏళ్ళు బతకలేదు. ప్రేమ లేక పాడైన కాపురాలు నేను చాలా చూశాను, వాటి గురించి నాకు పెద్ద ఆశ్చర్యం లేదు. వీళ్ళిద్దరి సంగతే ఇన్నేళ్ళయినా మింగుడుపడదు. ఒకరి మనసు ఒకరు నొప్పించకూడదని వాళ్ళు నోరు మూసుకుని ఆగిన ఆ నాలుగు రోజులూ, పుండు మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు.